అడ్రస్ కనిపించినంత మాత్రాన పిలుపు అందినట్టు కాదు

(గుంటూరు బ్రాడీపేటలో నాటక సమాజాలు, చిన్న పత్రికలు, స్వతంత్ర సంగీతకారుల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగం. చివర సభలోంచి వచ్చిన ప్రశ్నల్లో రెండింటిని చేర్చాం.)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో నాటకాలు వేసేవాళ్ళున్నారు, చిన్న పత్రిక నడిపేవాళ్ళున్నారు, సొంతంగా పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళున్నారు, కథల పుస్తకాలు అచ్చు వేయించి సంచిలో పెట్టుకుని సభలకి తిరిగేవాళ్ళున్నారు. మీ అందరికీ ఉన్న బాధ ఒకటే. మీ పని మెచ్చుకున్నవాళ్ళు ఎక్కడో ఉన్నారు. తర్వాతి ప్రదర్శన ఎప్పుడో, కొత్త సంచిక ఎప్పుడొస్తుందో వాళ్ళకి చెప్పే దారి మాత్రం మీ చేతిలో లేదు. ఫేస్‌బుక్ పేజీని వేలమంది అనుసరిస్తున్నా, మీరు పెట్టిన పోస్టు వాళ్ళలో ఎవరికి కనపడాలో ఆ కంపెనీయే తేలుస్తుంది. డబ్బు కడితే ఇంకొంతమందికి చూపిస్తుంది. రేపు ఏ కారణంగానో ఆ ఖాతా పోతే ఇన్నేళ్ళుగా కూడిన ప్రేక్షకులు కూడా దానితోపాటే పోతారు.

అందుకే ఈమధ్య కొంతమంది క్రిప్టో వాలెట్ల వైపు చూస్తున్నారు. డిజిటల్ నాణేలూ వాటి తాళాలూ చూసుకునే యాప్‌ని వాలెట్ అంటారు, దానికో అడ్రస్ ఉంటుంది. వాలెట్ అడ్రస్‌కి నేరుగా మెసేజ్ పంపవచ్చు, మనిషి యాప్ మార్చినా ఆ అడ్రస్ మారదు, మీకూ మీ ప్రేక్షకుడికీ మధ్య ఉన్న సంబంధం ఒక కంపెనీ సొత్తుగా ఉండదు. ఇది నిజం. ఈ దారిలో మన కళాకారులకు మంచి జరుగుతుందని నేను నమ్ముతున్నాను. అయితే ఆ అడ్రస్ ఎవరిదో ఆ మనిషి "సరే, పంపండి" అని ముందుగా, తనంతట తాను చెప్పాలి. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ "సరే" గురించే.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. ఎథీరియం ఒక బ్లాక్‌చెయిన్, అంటే అందరికీ కనిపించే, రాసింది ఎవరూ మార్చలేని ఉమ్మడి లెక్కల పుస్తకం. అందులో ఒక అడ్రస్ అంటే 42 అక్షరాల వరస. మొదట సున్నా, ఎక్స్ ఉంటాయి, తర్వాత 40 అంకెలూ అక్షరాలూ కలగలిసి ఉంటాయి. దానికి జోడీగా ఒక ప్రైవేట్ కీ ఉంటుంది, అది యజమాని దగ్గరే ఉండాలి. ఆ కీ తోనే డిజిటల్ సంతకం చేస్తారు. అడ్రస్ మీద పేరూ ఊరూ ఏమీ ఉండవు. కానీ ఆ అడ్రస్ ఏం కొంది, ఎవరికి ఎంత పంపింది, ఇప్పుడు ఎంత నిలవ ఉంది అన్నదంతా ఈథర్‌స్కాన్ లాంటి సైట్‌లో ఎవరైనా చూడవచ్చు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పాటకో బొమ్మకో గుర్తుగా బ్లాక్‌చెయిన్ మీద కొనుక్కునే డిజిటల్ పత్రాన్ని ఎన్‌ఎఫ్‌టీ అంటారు. ఫలానా సంగీతకారుడి ఎన్‌ఎఫ్‌టీ ఎవరెవరి దగ్గర ఉందో కాసేపట్లో జాబితా తీయవచ్చు. ఆ అడ్రస్‌లన్నిటికీ ఏదో ఒక టోకెన్, అంటే డిజిటల్ నాణెమో బొమ్మో, పంపవచ్చు. వద్దని ముందే తిప్పికొట్టే వీలు మామూలుగా అవతలివాళ్ళకి ఉండదు. దీన్ని మోసగాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. వాలెట్ తెరిస్తే మీరెప్పుడూ కొనని బొమ్మ ఒకటి కనిపిస్తుంది. దాని మీద "మీకు బహుమతి వచ్చింది, ఈ సైట్‌కి వెళ్ళి తీసుకోండి" అని రాసి ఉంటుంది. వెళ్ళి వాలెట్ కనెక్ట్ చేసి, అది ఏమిటో చదవకుండా సంతకం పెడితే, మీ దగ్గరున్నవి తీసుకెళ్ళే అధికారం వాళ్ళకి ఇచ్చినట్టే. ఇంకో రకం ఉంది. మీరు తరచూ డబ్బు పంపే అడ్రస్‌ని పోలిన దొంగ అడ్రస్ తయారుచేసి, మీ లావాదేవీల చరిత్రలో అది కనపడేలా సున్నా విలువ లావాదేవీ ఒకటి నడుపుతారు. మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు కలుస్తాయి. మీరు తొందరలో చరిత్రలోంచి కాపీ చేసుకుంటే డబ్బు వాళ్ళకి పోతుంది.

కాబట్టి వాలెట్ ఉన్న మనిషి ఇప్పటికే అనుమానంతో ఉంటాడు. ఉండాలి కూడా. అలాంటివాడి దగ్గరికి మీరు అడక్కుండా వెళ్ళి "మా నాటకం ఆదివారం ఉంది, రండి" అంటే ఆ మాట నిజమైనా, నాటకం గొప్పదైనా, అతని కంటికి మీరూ ఆ దొంగల వరసలోనే నిలబడతారు. మనవైపు బొట్టు పెట్టి పిలిస్తేగానీ పేరంటానికి గడప దాటరు. వాలెట్‌లోకి పిలవకుండా వెళ్ళడం కూడా అలాంటి పనే, గడప అవతలివాళ్ళది.

ఇది వాలెట్లతో పుట్టిన సమస్య అనుకోకండి. 1978 మే నెలలో ఒక కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి, ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని ఒకేసారి ఈమెయిల్ పంపాడు. తొలి స్పామ్‌గా దాన్నే చెబుతారు. అప్పుడు కూడా వాదన ఇదే: అడ్రస్‌లు డైరెక్టరీలో ఉన్నాయి కదా, పంపితే తప్పేమిటి?

మన ఫోన్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. లోన్ కావాలా అని, ప్లాటు కొంటారా అని మధ్యాహ్నం కునుకు తీసే వేళకి వచ్చే కాల్స్ అందరం భరించినవాళ్ళమే. 2007లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలతో డూ నాట్ కాల్ రిజిస్ట్రీ వచ్చింది. అది చాలక 2018లో కొత్త నిబంధనలు తెచ్చారు. అప్పటినుంచి వ్యాపార ఎస్సెమ్మెస్ పంపే సంస్థ తన పేరునీ, మెసేజ్ నమూనానీ ఒక డిస్ట్రిబ్యూటెడ్ లెడ్జర్‌లో, అంటే పలువురి దగ్గర ఒకే ప్రతి ఉండే లెక్కల పుస్తకంలో, నమోదు చేసుకోవాలి. అంటే ఏమిటి? వాలెట్ అన్న మాట ఎప్పుడూ విననివాళ్ళ ఫోన్‌కి కూడా బ్లాక్‌చెయిన్ తరహా సాంకేతికతను దాటుకునే మెసేజ్ వస్తోంది, అదీ అనవసరమైన మెసేజ్‌లు ఆపడం కోసం. 2025లో చేసిన సవరణ తర్వాత మెసేజ్ పంపినవారి పేరు చివర ఒక అక్షరం కూడా కనిపిస్తోంది చూడండి. పి ఉంటే ప్రచారం, ఎస్ ఉంటే సర్వీసు, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వం. జనం విసిగిపోయాక ఇన్ని కట్టుబాట్లు వచ్చాయి. వాలెట్ మెసేజ్‌ల రంగం ఇంకా చిన్నది. ఇక్కడ జనాన్ని విసిగించకముందే మర్యాద నేర్చుకునే అవకాశం మనకుంది.

అడిగి అందుకునే మెసేజ్ ఎలా ఉంటుందో చూడాలంటే మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవలో మాట మొదలుపెట్టేది పౌరుడు. మీరు హాయ్ అంటేనే అది పలుకుతుంది, ఏ సేవ కావాలో మీరే ఎంచుకుంటారు. మన మిర్చి యార్డులో ఏ రకం ఎంత పలికిందో తెలుసుకోవాలనుకునే రైతు తానే అడిగి గ్రూపులో చేరతాడు. రోజూ మెసేజ్ వచ్చినా విసుక్కోడు, రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాడు. మీ ప్రేక్షకుడు కూడా "ఈ నెల మీ దగ్గరనుంచి ఏమీ రాలేదేం?" అని అడిగే స్థితికి రావాలి.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. వాలెట్లకి సందేశాలు పంపే పద్ధతుల్లో రెండు బాగా తెలిసినవి. ఒకటి పుష్ ప్రోటోకాల్. ప్రోటోకాల్ అంటే వేర్వేరు యాప్‌లు కలిసి పాటించే ఉమ్మడి పద్ధతి. మన దేశానికి చెందిన హర్ష్ రజత్, రిచా జోషి దీన్ని మొదలుపెట్టారు. మొదట్లో దీని పేరు ఎథీరియం పుష్ నోటిఫికేషన్ సర్వీస్. ఇందులో మీరొక ఛానెల్ పెడతారు, ఇష్టమైనవాళ్ళు తమ వాలెట్‌తో అందులో చేరతారు, వద్దనుకుంటే బయటికి వెళ్ళిపోతారు. రెండోది ఎక్స్‌ఎమ్‌టీపీ. ఇది ఇద్దరి మధ్య, లేదా గ్రూపులో, పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప ఇంకెవరూ చదవలేని సంభాషణ. ఇందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు, ప్రతి పరిచయానికీ మూడు స్థితులు ఉండడం: ఒప్పుకున్నది, వద్దన్నది, ఇంకా తేల్చనిది. కొత్తవాళ్ళు రాస్తే అది తేల్చనిది కింద పడుతుంది. మంచి యాప్ దాన్ని అసలు ఇన్‌బాక్స్‌లో కలపకుండా పక్కన పెడుతుంది. ఒక యాప్‌లో మిమ్మల్ని బ్లాక్ చేస్తే ఆ నిర్ణయం అదే ప్రోటోకాల్ వాడే ఇంకో యాప్‌కి కూడా వెళ్ళేలా దీన్ని కట్టారు.

ఒకటి గమనించండి. మీరు మెసేజ్ పంపకుండా ప్రోటోకాల్ మిమ్మల్ని ఆపదు. అది పక్కన పెడుతుందంతే. ఆగాల్సింది మీరే.

ఇప్పుడు అసలు విషయం, ఎలా అడగాలి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మనవాళ్ళు పొరపాటు చేసేది ఇక్కడే.

నాటకం అయిపోయింది. విజ్ఞాన మందిరం మెట్ల దగ్గర జనం చెప్పులు వెతుక్కుంటూ, నటుల గురించి మాట్లాడుకుంటూ నిలబడ్డారు. అడగడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. టికెట్ కొనేటప్పుడు అడిగితే టికెట్ కోసం ఒప్పుకుంటారు. నాటకం చూశాక అడిగితే నాటకం కోసం ఒప్పుకుంటారు. అక్కడొక క్యూఆర్ కోడ్ పెట్టండి. స్కాన్ చేస్తే ఒక పేజీ తెరుచుకోవాలి, అందులో తెలుగులో ఇలా ఉండాలి: "మా సమాజం ప్రదర్శనల సమాచారం నెలకు రెండుసార్లకు మించకుండా పంపుతాం. ఈ సంతకం వల్ల మీ వాలెట్‌లోంచి డబ్బు గానీ టోకెన్లు గానీ కదలవు. మీ అడ్రస్ ఇంకెవరికీ ఇవ్వం. వద్దనుకున్న రోజు ఇదే పేజీలో ఒక్క బటన్‌తో మానుకోవచ్చు." అంతే. దాని కింద సరే, వద్దు అని రెండు బటన్లు ఒకే సైజులో ఉండాలి. సరే అన్నదాన్ని ముందే టిక్ పెట్టి ఉంచకూడదు.

సరే నొక్కాక వాలెట్‌తో చేసే ఆ సంతకానికి గ్యాస్ ఫీజు, అంటే బ్లాక్‌చెయిన్ మీద లావాదేవీకి కట్టే రుసుము, ఉండదు. వాలెట్‌తో లాగిన్ కావడానికి ఈఆర్‌సీ 4361 అనే ప్రమాణం ఉంది. అందులో సైట్ పేరు, అడ్రస్, ఎప్పుడు సంతకం చేశారన్న సమయం, పాత సంతకాన్ని మళ్ళీ వాడకుండా ఆపే ఒక సంఖ్య, మీరు రాసుకునే ఒక వాక్యం ఉంటాయి. ఆ వాక్యం ఆస్కీ అక్షరాల్లోనే, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తుల్లోనే ఉండాలని ప్రమాణం చెబుతోంది. అంటే తెలుగు లిపి అందులో పెట్టలేం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. తనకి అర్థమయ్యే లిపిలో లేనిదాని కింద సంతకం పెట్టమని మనిషిని అడుగుతున్నాం. అందుకని పేజీలో తెలుగు వివరణ పెద్దగా పెట్టండి, వాలెట్‌లో కనిపించే ఆ ఒక్క వాక్యాన్నీ అక్కడే చూపించి దాని అర్థం రాయండి. మామూలు మెసేజ్ సంతకం పద్ధతిలోనైతే తెలుగు పెట్టవచ్చు, కానీ తాళాలను విడిగా దాచుకునే చిన్న పరికరాలైన కొన్ని హార్డ్‌వేర్ వాలెట్ల తెర మీద మన అక్షరాలు సరిగా రావు. మీ ప్రేక్షకులు వాడే వాలెట్లలో ముందు పరీక్షించి చూసుకోండి.

ఇంకో మాట. కొన్ని బృందాలు నాటకానికి వచ్చినవాళ్ళకి గుర్తుగా పోఆప్ (POAP) బ్యాడ్జి ఇస్తున్నాయి. వచ్చినట్టు రుజువుగా వాలెట్‌లో ఉండే చిన్న డిజిటల్ గుర్తు అది. చాలా ముచ్చటైన ఆలోచన. మనవడికి చూపించుకోవచ్చు, "ఆ రోజు నేనూ ఉన్నాను" అని. కానీ బ్యాడ్జి తీసుకున్నవాడు నాటకానికి వచ్చానని చెప్పాడు, అంతే. మెసేజ్‌లు పంపమని చెప్పలేదు. రెండిటికీ విడివిడిగా అడగండి. బ్యాడ్జి కావాలంటే మెసేజ్‌లు ఒప్పుకోవాల్సిందే అని ముడిపెట్టకండి.

ఇదంతా మర్యాద కోసమే చెబుతున్నానని కూడా అనుకోవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి ఎలా ఉండాలో చెప్పింది: స్వేచ్ఛగా, ఫలానా పనికి అని నిర్దిష్టంగా, తెలిసి, షరతు లేకుండా, సందేహానికి తావులేకుండా ఇవ్వాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. నోటీసును ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో దేనిలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి, అందులో తెలుగు ఉంది. 18 ఏళ్ళ లోపువాళ్ళైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కాలేజీ నాటక పోటీలు పెట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ఇంటర్ పిల్లలు చాలామంది 18 దాటనివాళ్ళే. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. గడువు ముగిసేదాకా ఆగకుండా ఇప్పుడే అలవాటు చేసుకుంటే మంచిది.

సమ్మతి రికార్డుని బ్లాక్‌చెయిన్ మీదే రాసేద్దాం, ఎవరూ మార్చలేరు కదా అని కొందరు కుర్రాళ్ళు ఉత్సాహపడతారు. వద్దు నాన్నా. మార్చలేనిది చెరపలేం కూడా. రేపు ఒకరు "నా వివరాలు తీసేయండి" అంటే ఏం చేస్తారు? సంతకం మీ దగ్గర, మీ సర్వర్‌లో భద్రంగా ఉంచండి. అడిగినరోజు తీసేయండి.

దాని పక్కనే ఇంకో ప్రమాదం ఉంది. మనకి ఎక్సెల్ షీట్ అలవాటు. పేరు, ఫోన్ నంబరు, ఊరు, పక్క గడిలో వాలెట్ అడ్రస్. ఆ షీట్‌ని వాట్సాప్‌లో కమిటీ మెంబర్లకి పంపేస్తారు. ఒక్కసారి ఆలోచించండి. అడ్రస్ ఒక్కటే ఉంటే అది ఎవరిదో తెలీదు. పేరూ ఫోనూ పక్కన చేర్చిన క్షణంలో, లక్ష్మీపురంలోనో పట్టాభిపురంలోనో ఉండే ఒక మనిషి దగ్గర ఎంత సొమ్ముందో ఆ షీట్ చేతికందిన ప్రతివాడూ చూడగలడు. బ్యాంకు పాస్‌బుక్ గోడకి అంటించినంత పని. మిమ్మల్ని నమ్మి సంతకం పెట్టిన మనిషిని దొంగలకి చూపించినవాళ్ళవుతారు. ఫోన్ నంబర్ల జాబితా వేరు, అడ్రస్‌ల జాబితా వేరు. రెంటినీ కలపాల్సిన అవసరం నాకైతే ఎక్కడా కనిపించలేదు.

సరే, ఒప్పుకున్నారు. ఏం పంపాలి? మొదటి మెసేజ్‌లో థాంక్స్ చెప్పి, మీరు ఎవరో, ఎందుకు పంపుతున్నారో, ఎలా మానుకోవాలో చెప్పండి. "మేము ఎప్పుడూ మీ సీడ్ ఫ్రేజ్ అడగం, డబ్బు అడగం, వాలెట్ కనెక్ట్ చేయమని లింకు పంపం" అని రాయండి. 12 గానీ 24 గానీ పదాల ఆ సీడ్ ఫ్రేజ్ ఎవరి చేతికి పోతే వాలెట్ వాళ్ళదే. ఈ మాట మీరు చెప్పి ఉంచితే, రేపు మీ పేరుతో ఎవరైనా దొంగ మెసేజ్ పంపినా మీవాళ్ళు గుర్తుపడతారు.

తర్వాత నుంచి మనుషులతో మాట్లాడినట్టు రాయండి. "బుకింగ్స్ ఓపెన్, త్వరపడండి" అన్న మెసేజ్‌కి ఎవరూ జవాబివ్వరు. రిహార్సల్స్‌లో రెండో అంకం కుదరక మూడుసార్లు మార్చామని రాయండి, ఒక పద్యం ఆడియో జతచేయండి, తెనాలి ప్రదర్శనలో ఏ సీన్‌కి చప్పట్లు పడ్డాయో చెప్పండి. అడగండి కూడా. వచ్చే సంవత్సరం ఏ నాటకం వేయాలో మూడు పేర్లు ఇచ్చి ఓటు పెట్టండి. స్నాప్‌షాట్ లాంటి ఓటింగ్ సైట్లలో వాలెట్ సంతకంతోనే ఓటు వేయవచ్చు, ఫీజు ఉండదు. ఎవరు దేనికి వేశారో అందరికీ కనపడవచ్చని మాత్రం ముందే చెప్పండి. తాను ఓటు వేసిన నాటకం చూడ్డానికి మనిషి నలుగురిని వెంటబెట్టుకుని వస్తాడు.

లెక్క ఎలా చూసుకోవాలంటే, ఎంతమంది మెసేజ్ తెరిచారన్నది వెంటాడకండి. ఎంతమంది తిరిగి రాశారు, ఎంతమంది హాలుకి వచ్చారు, ఎంతమంది మానుకున్నారు, ఈ మూడూ చాలు. మానుకున్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, మళ్ళీ చేరమని వెంటపడకండి.

ఇక్కడ చాలామందికి ఇంకా సొంత వాలెట్ ఉండదన్నది నాకు తెలుసు. ఉన్నవాళ్ళలో కూడా కొంతమంది నాణేలు క్రిప్టో కొని అమ్మే ఎక్స్‌ఛేంజ్ యాప్‌లో ఉంటాయి. ఆ యాప్ చూపించే డిపాజిట్ అడ్రస్ తాళం ఎక్స్‌ఛేంజ్ దగ్గరే ఉంటుంది, కాబట్టి దానితో ఆ మనిషి సంతకం చేయలేడు. మెటామాస్క్ లాంటి సొంత వాలెట్ ఉండాలి. కేవలం మీ మెసేజ్‌ల కోసం ఎవరినీ క్రిప్టో కొనమని ప్రోత్సహించకండి. ఖాళీ వాలెట్‌తో కూడా సంతకం పెట్టవచ్చు. టోకెన్లు అమ్మే ఆలోచన ఉంటే మాత్రం ముందు మీ ఆడిటర్ దగ్గరికి వెళ్ళండి. ఈ ఆస్తుల మీద లాభానికి 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది, అదే ఏడాది జూలై నుంచి 1 శాతం టీడీఎస్ కూడా వచ్చింది.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ఒక పెద్దాయన: మా పత్రికకి చందాదారులు తక్కువ. వాళ్ళలో వాలెట్లు ఉన్నవాళ్ళు ఇరవై మంది కూడా ఉండరు. అంత చిన్న జాబితాకి ఇంత శ్రమ ఎందుకమ్మా?)

ఇరవై మంది చాలండీ, మాస్టారూ. పత్రిక నడపడంలో మీకున్న అనుభవం నాకు లేదు, అయినా చెబుతున్నాను. చందా కట్టి పత్రిక తెప్పించుకున్నవాళ్ళు మీకు ఇప్పటికే "సరే" అన్నవాళ్ళు, కాకపోతే పోస్టులో. వాళ్ళని మళ్ళీ అడగండి, వాలెట్ ఉన్నవాళ్ళు వాలెట్ ద్వారా, లేనివాళ్ళు వాట్సాప్ ద్వారా. అడిగే పద్ధతి రెండు చోట్లా ఒకటే కావాలి. అమెరికాలో ఉండే మన పిల్లలు కొందరికి సొంత వాలెట్లు ఉంటాయి, వాళ్ళకి పోస్టులో సంచిక చేరేలోపు వాలెట్‌లో కబురు చేరుతుంది. అక్కడినుంచి మొదలుపెట్టండి.

(ఒక యువ సంగీతకారిణి: అక్కా, మా పాట ఎన్‌ఎఫ్‌టీ కొన్నవాళ్ళ అడ్రస్‌లు మా దగ్గర ఎలాగూ ఉన్నాయి. కొన్నారంటే ఇష్టం ఉన్నట్టే కదా? వాళ్ళకి ఒక్కసారి పంపి, వద్దంటే ఆపేస్తే సరిపోదా?)

ఇష్టం పాట మీద ఉందమ్మా. మెసేజ్ మీద ఉందో లేదో నీకు ఇంకా తెలీదు. ఒక్కసారే అని నువ్వు పంపుతావు, ఇంకొకరూ ఒక్కసారే అని పంపుతారు, ఆ మనిషి ఇన్‌బాక్స్ ఒక్కసారి మెసేజ్‌లతోనే నిండిపోతుంది. నువ్వు చేయగలిగినది ఒకటుంది. పాట ఉన్న పేజీలోనే, పాట కింద, చేరమని అడుగు. ఆ పాట మళ్ళీ వినడానికి వచ్చినవాళ్ళకి అది కనపడుతుంది. నీ తర్వాతి పాట వివరణలో కూడా ఆ లింకు పెట్టు. వచ్చినవాళ్ళు వస్తారు. మిగతావాళ్ళ అడ్రస్‌లు చైన్ మీద ఉంటే ఉండనీ, నీ జాబితాలోకి మాత్రం ఎక్కించకు.